పీడన ప్రవణత సరిహద్దు పొరను ఎలా మారుస్తుంది? గోడ దగ్గరి ప్రవాహమే ముందుగా ఎందుకు ఆగిపోతుంది?

మీ ప్రశ్నలో మూడు సందేహాలు ఉన్నాయి. మొదటిది: సరిహద్దు పొర (గోడను ఆనుకొని వేగం సున్నా నుంచి పెరిగే పలుచని పొర) మందం అంతటా పీడనం ఒకటేనని పాఠ్యపుస్తకాలు చెబుతున్నప్పుడు, పీడనం పెరిగే చోట గోడను ఆనుకొని ఉన్న ప్రవాహి మాత్రమే ఎందుకు వెనక్కి తిరుగుతుంది? రెండవది: పీడనం తగ్గుతోందంటే వేగం పెరుగుతున్నట్లే అయితే, పొడవైన గొట్టంలో పీడనం చివరి దాకా తగ్గుతూనే ఉన్నా సగటు వేగం ఎందుకు పెరగదు? మూడవది: టర్బులెంట్ (సుడులతో అల్లకల్లోలంగా సాగే) పొరలో గోడ ఘర్షణ ఎక్కువ కదా, అలాంటప్పుడు గోళం మీది పొరను టర్బులెంట్‌గా మారిస్తే మొత్తం డ్రాగ్ (ప్రవాహం వస్తువు మీద కలిగించే నిరోధం) ఎలా తగ్గుతుంది? ఈ మూడింటికీ మూలం ఒకే చోట ఉంది. పీడన ప్రవణత (దూరంతో పాటు పీడనం మారే తీవ్రత) వల్ల కలిగే బలం పొరలోని ప్రతి ఘనపరిమాణానికీ సమానంగా అందుతుంది. ఆ బలాన్ని ఎదుర్కొనే ద్రవ్యవేగం మాత్రం అన్ని ఎత్తులలోనూ సమానంగా ఉండదు. ఈ అసమానతను గట్టిగా పట్టుకుంటే మిగిలినవన్నీ దాని నుంచే వస్తాయి.

పీడనం పొర మందం అంతటా ఎందుకు ఒకటిగా ఉంటుందో ముందుగా చూద్దాం. 1904లో హైడెల్‌బర్గ్‌లో జరిగిన అంతర్జాతీయ గణితవేత్తల మహాసభలో లుడ్విగ్ ప్రాంట్ల్ సమర్పించిన చిన్న పత్రం ఈ భావనకు పునాది. స్నిగ్ధత (ప్రవాహి లోపలి ఘర్షణ) ఎంత తక్కువైనా ప్రవాహి గోడ మీద జారదు, అందువల్ల గోడ దగ్గర సున్నాగా ఉన్న వేగం బయటి ప్రవాహపు వేగానికి చేరేలోపు ఒక పలుచని పొర తప్పనిసరిగా ఏర్పడుతుంది. ఆ పొరలో ధారారేఖలు (ప్రవాహి కదిలే దారులు) గోడకు దాదాపు సమాంతరంగా సాగుతాయి. ధారారేఖలు వంగిన చోటే వాటికి అడ్డంగా పీడనం మారుతుంది. వంపు తక్కువ, పైగా పొర పలుచన, కాబట్టి పొర అడుగు నుంచి పై అంచు వరకు పీడనంలో వచ్చే తేడాను లెక్కలోకి తీసుకోనవసరం లేదు. అంటే పీడనాన్ని నిర్ణయించేది పొర కాదు, బయటి ప్రవాహం. బయట స్నిగ్ధత ప్రభావం లేదు గనుక బెర్నూలీ సమీకరణం వర్తిస్తుంది: బయటి వేగం పెరిగే చోట పీడనం తగ్గుతుంది, దానిని అనుకూల పీడన ప్రవణత అంటాం, బయటి వేగం తగ్గే చోట పీడనం పెరుగుతుంది, అది ప్రతికూల ప్రవణత. ఎగువన ముక్కు దగ్గర మొదలైన ప్రవాహం మందమైన భాగం దాకా అనుకూల ప్రవణతలోనూ, తోక వైపు ప్రతికూల ప్రవణతలోనూ సాగడం దాదాపు ప్రతి వస్తువు మీదా తప్పనిది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. గాలి బయట సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతోందనీ, దిగువన అది 9.5 మీటర్లకు తగ్గుతుందనీ అనుకుందాం. దీనికి తగిన పీడన పెరుగుదల సుమారు 6 పాస్కల్‌లు మాత్రమే. వాతావరణ పీడనం లక్ష పాస్కల్‌లకు పైగా ఉంటుందని గుర్తు చేసుకుంటే ఇది ఎంత అల్పమో తెలుస్తుంది. కాసేపు ఘర్షణను పక్కన పెడితే, ప్రతి ధారారేఖ మీదా వేగపు వర్గంలో తగ్గుదల ఒకటే: 100 నుంచి 90.25 తీసివేయగా వచ్చే 9.75. పొర లోపల సెకనుకు 4 మీటర్ల వేగంతో ఉన్న ధారారేఖను తీసుకుంటే, దాని వర్గం 16 నుంచి 6.25కు పడిపోతుంది, అంటే వేగం 2.5 మీటర్లవుతుంది. బయటి ప్రవాహం 5 శాతం నెమ్మదించగా ఇది 37 శాతానికి పైగా నెమ్మదించింది. ఇంకా లోపల, 3 మీటర్ల వేగంతో ఉన్న ధారారేఖకు ఉన్న వర్గం 9 మాత్రమే, అది 9.75ను చెల్లించలేదు, కాబట్టి ఆ పీడన వాలును పూర్తిగా ఎక్కకముందే ఆగిపోతుంది. మీ మొదటి సందేహానికి సమాధానం ఇదే. పీడనం గోడ దగ్గరి ప్రవాహిని ప్రత్యేకంగా వేధించదు. అందరికీ ఒకే పన్ను విధిస్తుంది, గోడ దగ్గరివారి చేతిలో ఆ సొమ్ము ఉండదు.

ఈ లెక్కలోనే మరొక ముఖ్యమైన విషయం ఉంది. వేగం 4 నుంచి 2.5కు తగ్గిన ధారానాళం (పక్క పక్క ధారారేఖల మధ్య భాగం) మందం 1.6 రెట్లవుతుంది, బయటి ధారానాళం మాత్రం 5 శాతమే వెడల్పవుతుంది. అందుచేత ప్రతికూల ప్రవణతలో పొర వేగంగా ఉబ్బుతుంది, బయటి ప్రవాహాన్ని గోడ నుంచి దూరంగా నెడుతుంది. ఈ నెట్టివేతను కొలిచేదే స్థానభ్రంశ మందం. అనుకూల ప్రవణతలో దీనికి పూర్తిగా విరుద్ధంగా జరుగుతుంది: బయటి వేగం 10 నుంచి 11కు పెరిగితే వర్గంలో 21 చేరుతుంది, 3 మీటర్ల ధారారేఖ దాదాపు 5.5 మీటర్లకు చేరుకుంటుంది, బయటి వేగంలో దాని వాటా 30 శాతం నుంచి 50 శాతానికి పెరుగుతుంది. వేగ వక్రం నిండుగా మారుతుంది, పొర పలుచబడుతుంది.

ఘర్షణను పక్కన పెట్టి వేసిన లెక్క గోడకు మరీ దగ్గరగా నిలవదు, ఎందుకంటే అక్కడ వేగం సున్నాకు చేరుతుంది గనుక ఆ లెక్క ప్రకారం ఎంత స్వల్పమైన ప్రతికూల ప్రవణతకైనా ప్రవాహం వెనక్కి తిరగాలి. వాస్తవంలో అలా జరగదు. పైనున్న వేగవంతమైన ప్రవాహి స్నిగ్ధత ద్వారా కింది నెమ్మది ప్రవాహిని ముందుకు లాగుతూ ఉంటుంది, తన ద్రవ్యవేగంలో కొంత దానికి ఇస్తూ ఉంటుంది. గోడ ఘర్షణను అపకారిగా మాత్రమే చూడడం అలవాటైనవారికి ఇది వింతగా తోచవచ్చు గానీ, ప్రతికూల ప్రవణతలో పొరను గోడకు అంటిపెట్టి ఉంచేది స్నిగ్ధతే. పీడనం వెనక్కి నెట్టే వేగానికీ, పైనుంచి ద్రవ్యవేగం కిందికి దిగే వేగానికీ మధ్య జరిగే పోటీలో ఏది గెలిస్తే పొర గతి అలా ఉంటుంది.

ఈ పోటీ గోడ మీద అత్యంత స్పష్టమైన రూపం ధరిస్తుంది. గోడను తాకి ఉన్న ప్రవాహి కదలదు, కాబట్టి దానికి త్వరణం లేదు. దాని మీద పనిచేసే పీడన బలం మొత్తాన్నీ స్నిగ్ధతా బలం ఒక్కటే సరితూచాలి. దీని నుంచి వచ్చే ఫలితం ఈ విషయం మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది: గోడ వద్ద వేగ వక్రపు వక్రతను స్నిగ్ధతా గుణకంతో హెచ్చిస్తే వచ్చేది సరిగ్గా పీడన ప్రవణతే. ఇక్కడ ఉజ్జాయింపు ఏదీ లేదు. కదలని, రంధ్రాలు లేని సమతలపు గోడ మీద ఇది ఖచ్చితమైన సంబంధం. పీడనం దిగువకు తగ్గుతూ ఉంటే వక్రత ఋణాత్మకం, అంటే గోడ దగ్గర వేగ వక్రపు వాలు అత్యధికంగా ఉండి పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. పీడనం మారకపోతే గోడ వద్ద వక్రత సున్నా. 1908లో బ్లాసియస్ సాధించిన సమతల పలక పరిష్కారం ఇలాంటిదే. పీడనం పెరుగుతూ ఉంటే గోడ వద్ద వక్రత ధనాత్మకం, అంటే గోడ నుంచి పైకి పోయేకొద్దీ వాలు ముందు పెరగాలి. కానీ పొర పై అంచు దగ్గర వేగం స్థిరపడాలి గనుక అక్కడ వక్రత ఋణాత్మకంగానే ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడో వక్రత గుర్తు మార్చుకోక తప్పదు. ప్రతికూల ప్రవణత ఉన్న ప్రతి పొరలోనూ వంపు తిరిగే బిందువు ఒకటి ఉంటుందని చెప్పడానికి కారణం ఇంతే.

ప్రవణత ఇంకా తీవ్రమయ్యేకొద్దీ ఆ బిందువు గోడ నుంచి పైకి జరుగుతుంది, గోడ వద్ద వాలు తగ్గుతూ వస్తుంది, చివరికి ఒక చోట సున్నా అవుతుంది. రెండు కొలతల స్థిర ప్రవాహంలో పొర విడివడే చోటు అంటే ఇదే: అక్కడ గోడ ఘర్షణ సున్నా, దానికి దిగువన గోడ పక్క ప్రవాహం వెనక్కి పారుతుంది. ప్రతికూల ప్రవణత లేకుండా ఇలాంటి ప్రవాహంలో పొర విడివడదు, కానీ ప్రతికూల ప్రవణత ఉన్నంత మాత్రాన విడివడి తీరాలని లేదు. ఈ రెండు వాక్యాలనూ కలిపి ఒకటిగా గుర్తుపెట్టుకోవడం వల్లనే చాలామంది విద్యార్థులు తికమకపడతారు.

గొట్టం గురించిన మీ రెండవ సందేహానికి ఇప్పుడు సమాధానం సులభం. పీడన తగ్గుదలను వేగపు పెరుగుదలతో ముడిపెట్టేది బెర్నూలీ సమీకరణం. అది వర్తించాలంటే ఘర్షణ సోకని బయటి ప్రవాహం ఒకటి ఉండాలి. గొట్టం మొదట్లో అలాంటి నడిమి భాగం ఉంటుంది, గోడల మీది పొరలు మందమవుతూ ఉంటే ఆ నడిమి భాగం వేగం నిజంగానే పెరుగుతుంది. కొంత దూరం పోయాక నలువైపుల పొరలూ మధ్యలో కలిసిపోతాయి, ఘర్షణ సోకని భాగం మిగలదు, వేగ వక్రం ఇక మారదు. అక్కడి నుంచి పీడన తగ్గుదల మొత్తం గోడ ఘర్షణను ఎదుర్కోవడానికే ఖర్చవుతుంది, త్వరణానికి మిగిలేది ఏమీ ఉండదు. అయినా గోడ వద్ద వక్రత నియమం అక్కడ కూడా చెల్లుతుంది: పీడనం తగ్గుతోంది, వక్రత ఋణాత్మకం, లామినార్ (సుడులు లేకుండా పొరలు పొరలుగా సాగే) ప్రవాహంలో మనకు తెలిసిన పరవలయాకారపు నిండు వక్రం దాని రూపమే.

ఇక అసలు ప్రశ్న: పొర ఎంత ప్రతికూల ప్రవణతను తట్టుకోగలదు? లామినార్ పొర విషయంలో సమాధానం నిరాశపరుస్తుంది. బయటి వేగం దూరపు ఏదో ఒక ఘాతంగా మారే ప్రవాహాలకు 1931లో ఫాక్నర్, స్కాన్ ఒక సాధారణ సమీకరణాన్ని ఇచ్చారు, 1937లో హార్ట్రీ దానిని సంఖ్యాత్మకంగా సాధించాడు. ఆ ఘాతం మైనస్ 0.0904 అయినప్పుడు గోడ ఘర్షణ అన్ని చోట్లా సున్నా అవుతుంది. దూరం రెట్టింపయ్యేలోపు బయటి వేగం కేవలం 6 శాతం తగ్గడమే దీని అర్థం. మరొక కొలమానం: బయటి వేగం మొదటి నుంచీ సరళరేఖలో తగ్గుతూ పోయే ప్రవాహాన్ని 1938లో హోవార్త్ లెక్కించాడు, వేగం తన తొలి విలువలో సుమారు 12 శాతం కోల్పోయేసరికి పొర విడివడుతుంది. బెర్నూలీ ప్రకారం చూస్తే గతిక పీడనంలో (సాంద్రతలో సగాన్ని వేగపు వర్గంతో హెచ్చించగా వచ్చేది) పావు వంతు కూడా పీడనంగా తిరిగి రాకముందే లామినార్ పొర చేతులెత్తేస్తుందన్నమాట.

ఈ 12 శాతం అనే సంఖ్యలో స్నిగ్ధత ఎక్కడా కనిపించదని గమనించండి. స్నిగ్ధత తక్కువైన ప్రవాహిని వాడితే విడివడే చోటు దిగువకు జరుగుతుందని చాలామంది ఆశిస్తారు, మరికొందరు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా ఆశిస్తారు. పొర లామినార్‌గా ఉండి, బయటి వేగ విస్తరణ మారనంత వరకు రెండూ జరగవు. స్నిగ్ధత తగ్గితే పైనుంచి కిందికి ద్రవ్యవేగం దిగే సామర్థ్యం తగ్గుతుంది, నిజమే. కానీ పొర మందం కూడా స్నిగ్ధత వర్గమూలానికి అనుపాతంలో తగ్గుతుంది, కాబట్టి ఆ ద్రవ్యవేగం దిగవలసిన దూరం తగ్గుతుంది. రెండు మార్పులూ ఒకదానినొకటి సరిగ్గా రద్దు చేసుకుంటాయి. మందం వర్గాన్ని స్నిగ్ధతతో భాగించి సాంద్రతతోనూ బయటి వేగ ప్రవణతతోనూ హెచ్చిస్తే వచ్చే కొలతలు లేని రాశి ఈ పోటీకి అసలైన కొలబద్ద. 1921లో కార్మన్ ఇచ్చిన ద్రవ్యవేగ సమాకలన సమీకరణాన్ని ఆధారం చేసుకొని పోల్‌హౌసెన్ అదే ఏడాది ఈ రాశితోనే తన పద్ధతిని నిర్మించాడు. 1949లో థ్వేట్స్ ద్రవ్యవేగ మందాన్ని (పొరలో ప్రవాహం కోల్పోయిన ద్రవ్యవేగాన్ని కొలిచే మందం) వాడి దానిని ఎంతో సరళం చేశాడు. ఆయన పద్ధతిలో ఈ రాశి మైనస్ 0.09కు చేరినప్పుడు పొర విడివడుతుంది. హోవార్త్ ప్రవాహానికి థ్వేట్స్ పద్ధతిని వర్తింపజేస్తే 12.3 శాతం వస్తుంది. ఒక్క సమాకలనంతో చేతితో వేసే లెక్కకు ఇంత దగ్గరి ఫలితం రావడం చూస్తే, కంప్యూటర్ తెరవకముందు ప్రతి విద్యార్థీ దీనిని ఒకసారి స్వయంగా చేసి చూడాలని నేను గట్టిగా కోరుకుంటాను.

థ్వేట్స్ సూత్రం మరొక పాఠం కూడా నేర్పుతుంది. ఒక చోట పొర మందం అక్కడి పరిస్థితి మీద మాత్రమే ఆధారపడదు. ఎగువన బయటి వేగపు ఐదవ ఘాతాన్ని ఆరంభం నుంచి కూడుకుంటూ రావాలి. అంటే పొర తన చరిత్రను మోసుకొస్తుంది. ఒకే ప్రవణత అప్పుడే పుట్టిన పలుచని పొరకు హాని చేయదు, చాలా దూరం పారి మందమైన పొరను మాత్రం విడదీస్తుంది. దీని నుంచి రూపకల్పనకు నేరుగా పనికివచ్చే నియమం వస్తుంది: పీడనాన్ని పెంచక తప్పనప్పుడు, పొర పలుచగా ఉన్న మొదటి భాగంలోనే ఎక్కువగా పెంచాలి, దిగువకు పోయేకొద్దీ పెంచే తీవ్రతను తగ్గించాలి. 1959లో స్ట్రాట్‌ఫర్డ్ టర్బులెంట్ పొరకు ఈ ఆలోచనను చివరి అంచు వరకు తీసుకుపోయి, పీడనం పెరిగే భాగం అంతటా గోడ ఘర్షణ దాదాపు సున్నాగా, అయినా పొర విడివడకుండా నిలిచే ప్రవాహాన్ని ప్రయోగశాలలో చూపించాడు. 1970లలో లీబెక్ రూపొందించిన అధిక లిఫ్ట్ (పైకెత్తే బలం) ఇచ్చే ఎయిర్‌ఫాయిల్‌ల (రెక్క అడ్డకోత ఆకృతుల) పైతలం మీద పీడనం తిరిగి పెరిగే తీరు ఇదే. అయితే ఆ అంచున నడిచే ఆకృతి తన రూపకల్పన బిందువు దగ్గర ఎంత గొప్పగా పనిచేసినా, ఎదురు ప్రవాహంతో అది చేసే కోణం కొద్దిగా పెరిగితే పొర అంతా ఒక్కసారిగా విడివడే ప్రమాదం ఉంది. కాబట్టి ఆచరణలో కొంత వెసులుబాటు వదిలిపెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

అనుకూల ప్రవణత గురించి చెప్పవలసినది తక్కువ, కానీ ముఖ్యమైనది. ప్రవాహం వస్తువును ఎదురుగా తాకే నిశ్చల బిందువు దగ్గర పొర మందం దిగువకు పోతున్నా పెరగదు: ఘర్షణ వల్ల పెరగవలసినదంతా త్వరణం సాగదీసి పలుచన చేస్తుంది. అంతకంటే ముఖ్యం స్థిరత్వం. వేగ వక్రంలో వంపు తిరిగే బిందువు ఉంటే ప్రవాహం స్నిగ్ధతతో పనిలేకుండానే అస్థిరం కాగలదని 1880లోనే రేలీ చూపించాడు. స్థానభ్రంశ మందం ఆధారంగా లెక్కించిన రేనాల్డ్స్ సంఖ్య (జడత్వ బలాలకూ స్నిగ్ధతా బలాలకూ మధ్య నిష్పత్తి) సమతల పలక మీద సుమారు 520 దాటాక చిన్న అలజడులు పెరగడం మొదలవుతుంది; నిశ్చల బిందువు దగ్గరి వక్రానికి ఈ హద్దు 12 వేలకు పైగా ఉంటుంది, విడివడబోయే వక్రానికి వందకు కూడా చేరదు. 1940ల ప్రాంతంలో రూపొందిన నాకా (అమెరికా విమానయాన పరిశోధనా సంస్థ) 6 శ్రేణి ఎయిర్‌ఫాయిల్‌లలో అత్యధిక మందాన్ని వెనక్కి జరిపి, అనుకూల ప్రవణతను వీలైనంత దూరం సాగదీయడానికి కారణం ఇదే. త్వరణం మరీ తీవ్రమైతే, అంటే స్నిగ్ధతను బయటి వేగ ప్రవణతతో హెచ్చించి వేగపు వర్గంతోనూ సాంద్రతతోనూ భాగించగా వచ్చే విలువ పది లక్షలలో 3 వంతులను దాటితే, అప్పటికే టర్బులెంట్‌గా ఉన్న పొర కూడా తిరిగి లామినార్ స్వభావం వైపు మళ్ళుతుంది. టర్బైన్ బ్లేడ్‌ల మీద ఉష్ణ ప్రసారాన్ని లెక్కించేవారు దీనిని విస్మరించలేరు.

మీ మూడవ సందేహానికి వద్దాం. పొర మందంలో పదవ వంతు ఎత్తున వేగం ఎంత ఉంటుందో పోల్చి చూడండి. పలక మీది లామినార్ పొరలో అది బయటి వేగంలో సుమారు 17 శాతం. ఏడవ వంతు ఘాత నియమం పాటించే టర్బులెంట్ పొరలో సుమారు 72 శాతం. వర్గాలు తీసుకుంటే బయటి గతిక పీడనంలో లామినార్ ధారకు ఉన్నది 3 శాతం, టర్బులెంట్ ధారకు ఉన్నది 52 శాతం. పీడన వాలును ఎక్కడానికి చేతిలో ఉన్న మూలధనంలోనే ఇంత తేడా ఉంది, పైగా టర్బులెంట్ పొరలో సుడులు పైనున్న వేగవంతమైన ప్రవాహిని ఎప్పటికప్పుడు గోడ దగ్గరికి తీసుకువస్తూ ఉంటాయి. అందుచేత అది విడివడకుండా చాలా ఎక్కువ పీడన పెరుగుదలను భరించగలదు.

గోళం మీద ఇది ఎలా పనిచేస్తుందో చరిత్రే చూపించింది. 1912 ప్రాంతంలో గోళాల డ్రాగ్‌ను కొలిచిన గుస్తావ్ ఐఫెల్ ఫలితాలు గాటింగెన్ ప్రయోగశాల ఫలితాలలో సగం కంటే తక్కువగా వచ్చాయి. తేడా కొలతల లోపం వల్ల వచ్చింది కాదు. ఐఫెల్ ఎక్కువ వేగాలలో కొలిచాడు, ఆ పరిస్థితిలో పొర విడివడకముందే టర్బులెంట్‌గా మారింది. 1914లో ప్రాంట్ల్ గోళం మధ్యరేఖకు కొద్దిగా ముందు ఒక సన్నని తీగను చుట్టి, తక్కువ వేగంలోనే పొరను టర్బులెంట్‌గా మార్చి, డ్రాగ్ పడిపోవడాన్ని చూపించాడు. లామినార్ పొర గోళం ముందు బిందువు నుంచి సుమారు 80 డిగ్రీల వద్ద విడివడుతుంది, టర్బులెంట్ పొర సుమారు 120 డిగ్రీల దాకా అంటిపెట్టుకొని ఉంటుంది. గోళం వంటి మొద్దు ఆకృతి మీద డ్రాగ్‌లో గోడ ఘర్షణ వాటా కొద్ది శాతమే. మిగిలినదంతా వెనుక పీడనం తిరిగి పెరగకపోవడం వల్ల వచ్చేది. ఆ కొద్ది శాతం కొంత పెరిగినా, వెనుక ప్రాంతపు వెడల్పు తగ్గి పెద్ద వాటా బాగా తగ్గుతుంది కాబట్టి, రేనాల్డ్స్ సంఖ్య రెండు నుంచి నాలుగు లక్షల మధ్య డ్రాగ్ గుణకం దాదాపు 0.5 నుంచి 0.2 లోపునకు పడిపోతుంది. గాల్ఫ్ బంతి మీది గుంటలు చేసే పని కూడా ఇదే. సన్నని రెక్క వంటి ఆకృతి మీద లెక్క తలకిందులవుతుంది: అక్కడ ఘర్షణే పెద్ద వాటా, పొర ఎలాగూ అంటిపెట్టుకొనే ఉంటుంది, కాబట్టి పొరను లామినార్‌గా ఉంచడమే లాభం.

ఇంతవరకు బయటి పీడనం ముందే తెలుసునన్నట్లు మాట్లాడాను. పొర విడివడే చోట ఈ ఊహ దెబ్బతింటుంది. స్తూపం చుట్టూ స్నిగ్ధత లేని ప్రవాహపు పీడనాన్ని తీసుకొని సరిహద్దు పొరను లెక్కిస్తే, విడివడే కోణం సుమారు 104 డిగ్రీలు వస్తుంది. 1911లో హీమెంజ్ తాను కొలిచిన వాస్తవ పీడనాన్ని వాడి లెక్కించినప్పుడు 82 డిగ్రీలు వచ్చింది, ప్రయోగంలో కనిపించినది కూడా దాదాపు అంతే. విడివడిన ప్రవాహం బయటి ప్రవాహపు దారినే మార్చివేస్తుంది, అందువల్ల పీడనం తక్కువ స్థాయి నుంచి పెరగడం మొదలుపెట్టే చోటు కూడా ఎగువకు జరుగుతుంది. పీడనం పొరను శాసిస్తుందన్న మాట పొర అంటిపెట్టుకొని ఉన్నంత వరకే నిజం. ఆ తరువాత ఇద్దరూ కలిసి తేల్చుకోవలసిందే. గణితం కూడా ఇదే చెబుతుంది: పీడనాన్ని స్థిరంగా ఇచ్చి లామినార్ పొర సమీకరణాలను విడివడే చోటి దాకా సాధిస్తే, అక్కడ పరిష్కారం విపరీత స్థితికి చేరి ముందుకు సాగదని 1948లో గోల్డ్‌స్టీన్ చూపించాడు. పీడనానికి బదులు స్థానభ్రంశ మందాన్ని ముందుగా ఇస్తే ఆ అడ్డంకి ఉండదని 1966లో కాథరాల్, మాంగ్లర్ చూపించారు. బయటి ప్రవాహాన్నీ పొరనూ ఒకేసారి జతగా సాధించే ఎక్స్‌ఫాయిల్ వంటి ప్రోగ్రాములు చిన్న విడివడిన ప్రాంతాలను దాటుకొని పోగలగడానికి కారణం ఈ జత చేయడమే.

వెనక్కి వంచిన రెక్కల మీద మరొక జాగ్రత్త అవసరం. అక్కడ పీడన ప్రవణత ప్రవాహ దిశకు ఏటవాలుగా ఉంటుంది, నెమ్మదిగా ఉన్న లోపలి ప్రవాహి ఆ పక్క బలానికి ఎక్కువగా వంగి అడ్డంగా జారుతుంది. ఈ అడ్డ ప్రవాహపు వక్రంలోనూ వంపు తిరిగే బిందువు ఉంటుంది, కాబట్టి బలమైన అనుకూల ప్రవణతే అలజడికి కారణం కాగలదు. అలాగే కదిలే గోడల మీద, కాలంతో మారే ప్రవాహాలలో, గోడ ఘర్షణ సున్నా కావడాన్ని విడివడటానికి గుర్తుగా తీసుకోకూడదు.

మీరు సీఎఫ్‌డీ (కంప్యూటర్‌తో ప్రవాహ లెక్కలు) చేయబోతున్నారని రాశారు గనుక రెండు ఆచరణాత్మక విషయాలు చెబుతాను. ప్రతికూల ప్రవణతలో సంవర్గమాన గోడ నియమం (టర్బులెంట్ పొరలో గోడ దగ్గరి వేగం ఎత్తు సంవర్గమానాన్ని బట్టి పెరుగుతుందనేది) క్రమంగా చెదిరిపోతుంది, విడివడే చోట గోడ ఘర్షణే సున్నా కాబట్టి దాని మీద ఆధారపడిన కొలమానానికి అర్థమే ఉండదు. అందుచేత గోడ ఫంక్షన్లను (ఆ నియమంతో గోడ దగ్గరి భాగాన్ని అంచనా వేసే సూత్రాలను) నమ్ముకోకుండా మొదటి గడిని గోడ ప్రమాణాలలో (y+) 1 దగ్గర ఉండేలా వల వేయండి. సాధారణ కే-ఎప్సిలాన్ అనే టర్బులెన్స్ నమూనా ఈ పరిస్థితిలో టర్బులెంట్ ప్రతిబలాన్ని ఎక్కువగా అంచనా వేసి, పొర వాస్తవంలో కంటే ఆలస్యంగా విడివడినట్లు, ఒక్కోసారి అసలే విడివడనట్లు చూపుతుంది. 1994లో మెంటర్ ప్రతిపాదించిన ఎస్‌ఎస్‌టీ నమూనాలో ఆ ప్రతిబలానికి హద్దు పెట్టింది దీనిని సరిచేయడానికే. ఫలితాలు వచ్చాక రంగుల బొమ్మల కంటే ముందు గోడ వెంబడి మూడు వక్రాలు గీయండి: పీడన గుణకం, గోడ ఘర్షణ గుణకం, స్థానభ్రంశ మందాన్ని ద్రవ్యవేగ మందంతో భాగించగా వచ్చే ఆకృతి గుణకం. పలక మీది లామినార్ పొరలో ఈ మూడవది 2.59 ఉండి విడివడే వేళకు 4 దరిదాపులకు చేరుతుంది. టర్బులెంట్ పొరలో 1.4 దగ్గర ఉండి 2 దాటిందంటే పొర విడివడే హద్దుకు దగ్గరవుతోందని అర్థం. గోడ ఘర్షణ ఇంకా ధనాత్మకంగానే ఉన్నా ఆకృతి గుణకం దిగువకు పోయేకొద్దీ పెరుగుతూ ఉంటే, ఆ భాగంలో పీడనం పెరిగే తీరును సడలించి లెక్కను మళ్ళీ నడపండి.